ధరలు పెరిగిన ఈ రోజుల్లో పిల్లల పాలు, గుడ్లు తగ్గించకుండా ఇంటి ఖర్చు అదుపు చేయడం ఎలా?

ప్రశ్న: బరంపురం నుంచి ఒక గృహిణి

అందరికీ నమస్కారం. మేము చాలా కాలంగా బరంపురంలో స్థిరపడిన తెలుగువాళ్ళం. ఇంట్లో ఐదుగురం: నేను, మా వారు, బడికి వెళ్ళే పిల్లలిద్దరు, మా అత్తగారు. మా వారిది ఒక ప్రైవేటు సంస్థలో గుమాస్తా ఉద్యోగం. జీతం చాలా రోజులుగా ఒకే చోట నిలిచిపోయింది. కిరాణా కొట్టులో ఖాతా మాత్రం నెలనెలా పెరుగుతూనే ఉంది.

2024 అక్టోబరులో చిల్లర ధరల ద్రవ్యోల్బణం 6.21 శాతానికి, ఒక్క ఆహార పదార్థాల్లోనే 10.87 శాతానికి చేరిందని అప్పట్లో పత్రికల్లో చదివాను. తర్వాత ఆ అంకెలు దిగాయి, కూరగాయలూ పప్పులూ కొంత చౌకయ్యాయి కూడా. కానీ నూనె దిగలేదు, బడి ఫీజు దిగలేదు, అత్తగారి రక్తపోటు, మధుమేహం మాత్రల ఖర్చు దిగలేదు. ధరలు ఎక్కినప్పుడు చేసిన అరువు ఇప్పటికీ తీరలేదు.

ఖర్చు తగ్గించుకోవాలని ఎవరిని అడిగినా మొదట పాలు, గుడ్లు, పండ్లు తగ్గించమంటున్నారు. అది నాకు ఇష్టం లేదు. ఎదిగే పిల్లల కంచంలోంచి తీసి మిగిల్చే డబ్బు మిగులు అనిపించుకోదని నా నమ్మకం. అందుచేత పెద్దలను మూడు సంగతులు అడుగుతున్నాను. నూనె, పప్పు, చింతపండు, మిరపకాయల వంటివి ఏడాదికి సరిపడా ఒకేసారి కొనడం ఇప్పటికీ లాభమేనా? పెద్ద దుకాణాల్లో తగ్గింపు ధరలకు అమ్మే ప్యాకెట్లు నిజంగా చౌకా, లేక బజారులో విడిగా తూచి ఇచ్చేవి చౌకా? మా వీధిలో కొందరు నెలకొకసారి ఇచ్ఛాపురం వెళ్ళి సామాను తెచ్చుకుంటున్నారు, అది గిట్టుబాటవుతుందా? అనుభవంతో చెప్పగలిగినవారు దయచేసి వివరంగా రాయండి.

సమాధానం: పర్లాకిమిడి నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయిని

అమ్మా, పిల్లల పాలూ గుడ్లూ ముట్టుకోనన్న నీ నిర్ణయం సరైనది. దానికి కట్టుబడి ఉండు. మిగిలిన ఖర్చుల్లో సర్దుకోవడానికి చాలా చోటుంది.

ఏడాది సామాను గురించి అడిగావు. అన్నీ ఒకేసారి కొనడం వేరు, ఒక్కో వస్తువును దాని కోత కాలంలో కొనడం వేరు. మొదటిది చేతిలో పెద్ద మొత్తం ఉన్నవాళ్ళకే సాధ్యం. రెండవది మనలాంటివాళ్ళు కూడా నెలకొక వస్తువు చొప్పున చేయగలం. మన ప్రాంతపు పంటలను బట్టి చూస్తే, నవంబరు, డిసెంబరు నెలల్లో కొత్త ధాన్యం వస్తుంది. డిసెంబరు, జనవరిలో గజపతి, రాయగడ, కొరాపుట్ కొండల నుంచి ఉలవలు సంతలకు దిగుతాయి. అదే సమయం నుంచి ఫిబ్రవరి దాకా కొత్త కందులు మార్కెట్టుకు వస్తాయి. వరి కోసిన మళ్ళలో చల్లిన పెసలు ఫిబ్రవరి నుంచి చేతికొస్తాయి. ఒడిశాలో పెసర ముఖ్యమైన పప్పు పంట కాబట్టి ఆ రోజుల్లో పల్లెల్లో రైతు దగ్గరే కొనవచ్చు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కొండ సంతల్లో కొత్త చింతపండు రాశులు పోసి అమ్ముతారు. గుంటూరు వైపు మిరప కూడా అప్పుడే కోతకు వస్తుంది. వీటిలో ఏదీ శ్రావణ భాద్రపదాల్లో కొనే సరుకు కాదు. ఆ నెలల్లో ఇంట్లో ఉన్నది వాడుకోవాలి.

ఉల్లిపాయల విషయంలోనూ అంతే. మనకు వచ్చేది చాలావరకు నాసిక్ వైపు సరుకు. అక్కడ మార్చి నుంచి మే దాకా తవ్వే రబీ ఉల్లి గట్టిగా ఉండి నిలవ ఉంటుంది, వానాకాలపు పంట నిలవ ఉండదు. పాత నిల్వలు అయిపోయి కొత్త పంట ఇంకా రాని సెప్టెంబరు నుంచి నవంబరు మధ్యలోనే సాధారణంగా ధర ఎక్కుతుంది. ఎండాకాలం చివర్లో ఎండిన, మెడ సన్నగా ఉన్న పాయలు చూసి కొని, గాలి తగిలే చోట పలుచగా పరిస్తే వానాకాలంలో చాలా భాగం గడుస్తుంది. బంగాళాదుంపలు పశ్చిమ బెంగాల్ మీద ఆధారపడినవి. 2024లో అక్కడి ప్రభుత్వం దుంపను రాష్ట్రం దాటనివ్వకుండా ఆపినప్పుడు లారీలు సరిహద్దులో నిలిచిపోయి ఒడిశా అంతటా ధర ఎలా ఎగిరిందో నీకు గుర్తుండే ఉంటుంది. అటువంటప్పుడు ఆ కూరే వండాలన్న పట్టుదల మానుకుని చేమ, కంద, గుమ్మడి, అరటికాయల వైపు తిరగడం మంచిది.

కార్తీక మాసం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన చుట్టూ ఉన్న ఒడియా ఇళ్ళలో చాలామంది ఆ నెలంతా మాంసం, చేపలు, గుడ్లు మానేస్తారు. మన ఇళ్ళలోనూ ఎందరో మానేస్తారు. అందువల్ల కూరగాయలకు గిరాకీ పెరిగి ధర ఎక్కుతుంది. నెల ముగిసిన మర్నాడు ఛాడఖాయి నాడు చికెన్, మాంసం, చేపల కొట్ల దగ్గర జనం కిక్కిరిసిపోతారు. మీ ఇంట్లో ఆ నెల నియమం లేకపోతే పిల్లలకు గుడ్లు మాన్పించనక్కరలేదు. నియమం ఉంటే ఒడియావారి దాల్మా మన ఇళ్ళకు పెద్ద వరం. పెసరపప్పో కందిపప్పో, గుమ్మడి, వంకాయ, పచ్చి అరటి, చేమదుంప అన్నీ ఒకే గిన్నెలో ఉడికి, చెంచాడు నూనె పోపుతో తయారవుతుంది. పప్పు, కూర వేరువేరుగా వండే గ్యాసు కలిసివస్తుంది. అందులో మునగాకు కూడా వేస్తే పిల్లలకు మరీ మంచిది.

నూనెకు కాలం లేదు, కొలత మాత్రమే ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, రోజుకు 2000 కిలో క్యాలరీలు అవసరమైన మనిషికి నూనె, కొవ్వు కలిపి 27 గ్రాములు చాలన్నారు. అంటే నెలకు 800 గ్రాముల పైచిలుకు. పిల్లలు, పెద్దావిడ ఉన్న ఐదుగురి ఇంటికి ఈ లెక్కన నాలుగు లీటర్లు దాటవలసిన అవసరం లేదు. నెలకు మీ ఇంట్లో ఎంత అవుతోందో ఒకసారి తూచి చూడు. ఎక్కువవుతున్నదంతా చాలావరకు వేపుళ్ళదీ, అప్పడాలదీ అయి ఉంటుంది. తగ్గిస్తే డబ్బుతో పాటు మీ అత్తగారి ఆరోగ్యానికీ మంచిదే.

సమాధానం: రాయగడ నుంచి ఒక కిరాణా వర్తకుడు

టీచరమ్మ గారు కాలాల గురించి చక్కగా చెప్పారు. నేను కొట్టులో కూర్చునేవాడిని కాబట్టి రెండవ ప్రశ్నకు సమాధానం రాస్తాను. కొన్ని సంగతులు మా వ్యాపారానికి నష్టం కలిగించేవే అయినా, నెలాఖరున మా బల్ల ముందు నిలబడి డబ్బు లెక్కపెట్టుకునే తల్లులను రోజూ చూస్తున్నాను గనుక దాచలేను.

ముందు ప్యాకెట్టు మీద ఉన్న ధర కాదు, బరువు చూడండి. ఒకప్పుడు నూనె, బియ్యం, సబ్బు, బిస్కెట్లు వంటి ఎన్నో వస్తువులను ప్రభుత్వం నిర్ణయించిన పరిమాణాల్లోనే ప్యాక్ చేయాలనే నిబంధన ఉండేది. ఇప్పుడు అది లేదు. ఒక లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. పక్కపక్కనే పెట్టిన ప్యాకెట్లలో ఒకటి 910 గ్రాములదీ, మరొకటి 850 గ్రాములదీ, ఇంకొకటి 800 గ్రాములదీ అయినా చూడటానికి మూడూ ఒకేలా ఉంటాయి. ఉదాహరణకు 910 గ్రాములది 145 రూపాయలు, 850 గ్రాములది 138 రూపాయలు అనుకోండి. రెండవది ఏడు రూపాయలు చౌక అనిపిస్తుంది, కానీ 100 గ్రాములకు లెక్క వేస్తే మొదటిది 15 రూపాయల 93 పైసలు, రెండవది 16 రూపాయల 24 పైసలు పడుతుంది. ఈ లెక్క మీరు వేయనక్కరలేకుండా గ్రాముకో, మిల్లీలీటరుకో, పెద్ద ప్యాకెట్టయితే కిలోకో లీటరుకో ఎంత పడుతుందో ప్యాకెట్టు మీదే ముద్రించాలని తూనికలు కొలతల నిబంధన ఉంది. గరిష్ఠ చిల్లర ధర పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని చూసి కొనడం అలవాటు చేసుకోండి. ఒకటి కొంటే ఒకటి ఉచితమన్న చోట కూడా అదే చూడాలి.

విడి సరుకు సంగతి. 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా ముందుగా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పులు, పిండి మీద 5 శాతం జీఎస్టీ పడుతోంది. విడిగా తూచి ఇచ్చే వాటి మీద లేదు. అందుకే ఆ తర్వాత బజారులో 26 కిలోల బియ్యం బస్తాలు కనిపించడం మొదలైంది. కాబట్టి బియ్యం, పప్పు, ఉలవలు, పెసలు, ధనియాలు, మిరపకాయలు నమ్మకమైన కొట్టులో విడిగా, కళ్ళతో చూసి కొనడమే మేలు. పసుపు కొమ్ములు కొని మరలో ఆడించుకుంటే ధరా కలిసివస్తుంది, కల్తీ భయమూ ఉండదు. నూనె మాత్రం ఎంత చౌకగా ఇస్తామన్నా విడిగా కొనకండి. విడి నూనె అమ్మడం చట్టవిరుద్ధం కూడా. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలిసి ఎంతోమంది జబ్బుపడి, ప్రాణాలు పోయిన సంగతి మా తరం వర్తకులం మరచిపోలేదు.

నూనె దిగలేదని రాశారు. మన దేశం వాడే వంట నూనెలో సగానికి పైగా బయటి దేశాల నుంచి వచ్చేదే. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి నూనెల మీద మొత్తం దిగుమతి సుంకాన్ని 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచింది. 2025 మే చివర్లో కొంత తగ్గించి 16.5 శాతానికి తెచ్చారు. రైతు కోసం పెంచిన సుంకమే అయినా దాని భారం నేరుగా వంటింటి మీద పడింది. మరోవైపు 2025 సెప్టెంబరు 22 నుంచి ఒంటి సబ్బు, షాంపూ, పళ్ళపేస్టు, తలనూనెల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి, నెయ్యి, వెన్నల మీద 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఇంకా పాత ధరే అడుగుతున్నారనిపిస్తే బిల్లు అడిగి తీసుకోండి. ముద్రించిన గరిష్ఠ ధర కంటే ఎక్కువ తీసుకుంటే 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు.

చివరిగా, అన్నిటికన్నా ముఖ్యంగా నేను చెప్పదలచుకున్నది మీ అరువు ఖాతా గురించి. ఖాతా మీద కొనేవారు ధర అడగరు, తూకం చూడరు, వేరే కొట్టుకు వెళ్ళలేరు. మంచి సరుకు వచ్చిన రోజు నగదు తెచ్చినవారికే ముందు పోతుంది. ఇది వర్తకుడి చెడ్డతనం కానక్కరలేదు, అతనికీ టోకు వర్తకుడి దగ్గర బాకీ ఉంటుంది. ఆ బాకీ తీరేదాకా ప్రతి నెలా సామానుకని తీసిన డబ్బులో సగంతో నగదుకు కొనండి, సగం పాత బాకీకి జమ వేయించండి, ఖాతాలో కొత్త పద్దు పడనివ్వకండి. ఈ ఒప్పందం మీ కొట్టువారితో మొహమాటం లేకుండా ముందే మాట్లాడుకోండి. తిరిగి వస్తుందో రాదో తెలియని బాకీ కన్నా కొద్దికొద్దిగా తీరే బాకీయే మాకు ఇష్టం.

సమాధానం: గుణుపురం నుంచి ఒక స్వయం సహాయక బృందం సభ్యురాలు

పెద్దలిద్దరూ చెప్పినవి మంచి మాటలే గాని, నెల జీతం వచ్చే ఇంటికీ రోజు కూలీ ఇంటికీ తేడా ఉందని గుర్తుచేయాలి. మా బృందంలో చాలామందికి ఫిబ్రవరిలో పది కిలోల కందిపప్పుకు సరిపడా డబ్బు ఒకేసారి చేతిలో ఉండదు. ఉన్నా, వానాకాలంలో కారే ఇంట్లో అది దాచే చోటు ఉండదు. అటువంటివారికి సీజనులో కొనమని చెబితే అది సలహా కాకుండా బాధగా మిగులుతుంది.

మేము చేస్తున్నది ఇది. బృందం పొదుపులోంచి కొంత తీసి, కొత్త చింతపండూ పెసలూ వచ్చే రోజుల్లో సంతలో ఒకేసారి కొని, అందరం పంచుకుంటాం. ఎవరి వంతు డబ్బు వారు వారానికి కొంత చొప్పున కట్టుకుంటారు. కొట్టులో అరువుకు కొన్నప్పుడు పోయే ధర వ్యత్యాసం ఇక్కడ మా దగ్గరే ఉంటుంది. ఒడిశా ప్రభుత్వం 2024 సెప్టెంబరులో మొదలుపెట్టిన సుభద్ర పథకం కింద 21 నుంచి 60 ఏళ్ళ లోపు అర్హులైన మహిళలకు ఏడాదికి రెండు విడతలుగా మొత్తం పదివేల రూపాయలు వస్తుంది. అందులో ఒక విడత మార్చి 8కి ముడిపడి ఉంది. సరిగ్గా అది చింతపండు, మిరప, పెసల కాలం. ఆ డబ్బు రోజువారీ ఖర్చుల్లో కరిగిపోయేలోపు కొంతైనా ఇలా సరుకు రూపంలో నిలిపితే వానాకాలం గట్టెక్కుతుంది.

రేషన్ గురించి ఎవరూ ప్రస్తావించలేదు. జాతీయ ఆహార భద్రతా చట్టం కింద ప్రాధాన్య కుటుంబాలకు మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డుకు 35 కిలోల ధాన్యం 2023 జనవరి నుంచి ఉచితంగా ఇస్తున్నారు. మన సరిహద్దు ఊళ్ళలో చాలామందికి కార్డు శ్రీకాకుళం, మన్యం జిల్లాల్లో ఉండి, బతుకు ఇక్కడ ఉంటుంది. కార్డు ఆ చట్టం కింద ఇచ్చినదైతే, ఆధార్ అనుసంధానం అయి ఉంటే, ఏ రాష్ట్రంలోని రేషన్ దుకాణంలోనైనా వేలిముద్ర వేసి మీ వాటా తీసుకోవచ్చు. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డుకు మాత్రం ఈ సౌకర్యం పొరుగు రాష్ట్రంలో వర్తించదు, ముందే కనుక్కోండి.

పిల్లల పాల గురించి ఒక మాట. పాలు తగ్గించమని నేనూ అనను, కానీ పాలతో పాటు చోడి (రాగి) అంబలి కూడా అలవాటు చేయండి. వంద గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. వంద గ్రాముల పాలలో ఉండేది దాదాపు 120 మిల్లీగ్రాములే. ఇక్కడ వీటిని మాండియా అంటారు. 2017 నుంచి నడుస్తున్న చిరుధాన్యాల పథకం వల్ల మా కొండల్లో ఇవి బాగా పండుతున్నాయి, సంతలో విరివిగా దొరుకుతున్నాయి. బజారులో డబ్బాల్లో అమ్మే పిల్లల పానీయాల పొడి మానేసి ఆ డబ్బు గుడ్లకు పెట్టండి. మీరు గుడ్లు తగ్గించనక్కరలేదు, పెంచవచ్చు కూడా.

ప్రశ్న అడిగినవారు

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పిల్లల పానీయాల పొడి సంగతి నాకు తట్టనే లేదు, రేపటి నుంచే అంబలి మొదలుపెడతాను. సగం నగదు, సగం జమ అన్న పద్ధతి మా వారికీ నచ్చింది, ఈ లక్ష్మివారం కొట్టువారితో మాట్లాడతామన్నారు. ఇచ్ఛాపురం ప్రయాణం, అత్తగారి మందులు, కరెంటు బిల్లు గురించి కూడా ఎవరైనా చెబితే రుణపడి ఉంటాను. కందిపప్పు ఎక్కువ కొంటే పురుగు పట్టకుండా ఎలా దాచాలో కూడా చెప్పండి.

సమాధానం: జయపురం నుంచి ఒక విద్యుత్ పనివాడు

అక్కా, ఇచ్ఛాపురం మీకు పాతిక కిలోమీటర్ల దూరం. మోటారు సైకిలు మీద రానుపోను ఒక లీటరు పెట్రోలు, అంటే వంద రూపాయలు దాటుతుంది. కొన్న సామానులో అంతకు మించి మిగిలితేనే వెళ్ళాలి. పెట్రోలు ఆంధ్ర కన్నా ఒడిశాలోనే చౌక కాబట్టి అటువైపు వాళ్ళే ఇటు వచ్చి పోయించుకుంటున్నారు. ఏ పెళ్ళికో పేరంటానికో ఎలాగూ వెళ్ళినప్పుడు తెచ్చుకోండి, సామాను కోసమే వెళ్ళకండి.

కరెంటు విషయంలో ముందు ఫ్యాన్లు చూడండి. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు. బీఎల్‌డీసీ అనే కొత్త రకం పొదుపు ఫ్యాను 30 వాట్లతో అదే గాలి ఇచ్చి 11 యూనిట్లు కాలుస్తుంది. ఒడిశాలో ఇళ్ళకు 50, 200, 400 యూనిట్ల దగ్గర రేటు మారుతుంది కాబట్టి, మీ వాడకం 200 దాటుతుంటే పైన మిగిలే ప్రతి యూనిట్టూ ఎక్కువ రేటుదే మిగులుతుంది. అన్ని ఫ్యాన్లూ ఒకేసారి మార్చవద్దు. రాత్రంతా తిరిగే పడకగది ఫ్యాను ముందు మార్చండి. మార్చే స్తోమత లేకపోతే ఫ్రిజ్ తలుపు రబ్బరు పట్టుతోందో లేదో చూడండి. కాగితం పెట్టి తలుపు మూసి లాగితే జారి వచ్చేస్తే ఆ రబ్బరు వెంటనే మార్పించండి.

మందులకు జనౌషధి కేంద్రానికి వెళ్ళండి. రక్తపోటు, మధుమేహం మాత్రలు అక్కడ పేరున్న కంపెనీల మందుల ధరలో సగానికీ అంతకన్నా తక్కువకూ దొరుకుతాయి. వెళ్ళేముందు డాక్టరుగారిని కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు, మోతాదు చీటీ మీద రాసివ్వమని అడగండి. మార్చిన మొదటి వారాల్లో రక్తపోటు, చక్కెర చూపించుకుంటూ ఉండండి.

సమాధానం: పర్లాకిమిడి నుంచి విశ్రాంత ఉపాధ్యాయిని

గుణుపురం అమ్మాయి చెప్పింది నిజం. నేను నెల ఆదాయం ఉన్న ఇంటిని దృష్టిలో పెట్టుకునే రాశాను. కూలీ ఇళ్ళకు ఆమె చెప్పిన బృందం పద్ధతే సరైనది.

కందిపప్పు విషయానికి వస్తే, రెండు మంచి ఎండలు పెట్టి, పూర్తిగా చల్లారాక, కిలోకు చెంచాడు ఆముదం చేతికి రాసుకుని గింజ గింజకూ పట్టేలా కలుపు. తడి లేని డబ్బాలో అంచుదాకా నింపు, ఖాళీ ఉంచకు. వండేముందు వేడినీళ్ళతో ఒకసారి కడిగితే ఆముదం పోతుంది. చింతపండుకు గింజలూ ఈనెలూ తీసేసి, కొంచెం ఉప్పు చల్లి జాడీలో గట్టిగా అదిమి పెట్టు. ఇనుప డబ్బాలో మాత్రం పెట్టకు. మొదటి ఏడాది ఐదు కిలోల పప్పుతోనే మొదలుపెట్టు, మీ ఇంట్లో తేమ ఎంతో తెలిశాక పెంచుకోవచ్చు.